ట్యూబు మీది పేరు

1981 ఏప్రిల్ 6, సోమవారం

కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. మూడు నెలలుగా సొరుగులో పడి ఉంది. ల్యాబ్‌లో రోజంతా నాతో మాట్లాడే మనిషి ఉండడు. అందుకే రాస్తున్నాను.

ధర్మవరంలో అమ్మ దగ్గర ఆదివారం గడిపి పొద్దున ప్యాసింజర్‌కి హిందూపురం వచ్చాను. పెనుకొండలో దాదాపీర్ ఎక్కాడు. బోగీ అంతా వెతికి నా పక్కకే వచ్చి, "ఏమప్పా ఆదినారాయణా, జరుగు" అన్నాడు. జనవరి నుంచీ ప్రతి సోమవారమూ ఇంతే. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. పెనుకొండలో సైకిల్ షాపు పెట్టి, నడవక మూసేసి, మా కంపెనీలో టెంపరరీగా చేరాడు. పురుగుమందు పొడి కలిపే డ్రమ్ము దగ్గర డ్యూటీ. ఆ పని గురించి ఒక్క మాట మాట్లాడడు. సైకిళ్ళ గురించి అయితే హిందూపురం వచ్చేదాకా మాట్లాడతాడు.

నా పని చిన్నది. ఒక గది, ఒక వాటర్ బాత్, ఒక ఫ్రిజ్. పురుగుమందు ఒంట్లో చేరితే రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పడిపోతుంది. చాలాసార్లు మనిషికి ఏమీ తెలియకముందే పడిపోతుంది. అందుకని డ్రమ్ముల దగ్గర పనిచేసే పద్దెనిమిది మందికీ నెలకోసారి వేలు గుచ్చి రక్తం తీస్తాను. రంగునీళ్ళలో కలిపి వేడిలో ఉంచితే, ఎంజైమ్ బాగున్నవాళ్ళవి పసుపుపచ్చగా మారతాయి. పడిపోయినవాళ్ళవి ఆకుపచ్చగానే ఉండిపోతాయి. అలాంటివాళ్ళ రక్తం ట్యూబులో తీసి, ఐస్‌ఫ్లాస్కులో పెట్టి, బెంగళూరు రెఫరెన్స్ ల్యాబ్‌కి రైల్లో పంపాలి. పర్మనెంట్ కాబోయేవాళ్ళ రక్తం కూడా అక్కడికే. వాళ్ళు ఇచ్చే నంబరే ఆఖరి మాట.

ఏప్రిల్ 27, సోమవారం

ఎల్లప్పది ఆకుపచ్చ. రొద్దం ఊరి మనిషి, టెంపరరీ. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆకుపచ్చే. బెంగళూరుకి పంపాను.

మే 9, శనివారం

రిపోర్టు వచ్చింది. జనవరిలో ఎల్లప్ప నంబరు 0.72. ఇప్పుడు 0.31. సగం కూడా లేదు. నేను సరిగ్గా పట్టుకున్నందుకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

డ్రమ్ము దగ్గర్నుంచి తీసేసి ప్యాకింగ్‌లో వేస్తారు అనుకున్నాను. పర్మనెంట్ వాళ్ళకి అంతే చేస్తారు. టెంపరరీకి ఆ రూల్ లేదని మేనేజర్ చెప్పాడు. మధ్యాహ్నానికి ఎల్లప్పని ఇంటికి పంపేశారు.

సాయంత్రం ఎల్లప్ప భార్య ఉలిగమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. ల్యాబ్ కిటికీ బయట నిలబడి అంది: "గుండ్రాయి మాదిరి ఉండే మనిషికి రోగముండాదని రాస్తివే. నీ రంగునీళ్ళలో మా పొట్ట కొట్టుకపాయె గదప్పా."

నేను రాసింది నిజమేనని చెప్పాలనుకున్నాను. ఫ్రిజ్ తలుపు తీసి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను. కాసేపటికి వెళ్ళిపోయింది.

మే 18

ఎల్లప్ప బెంగళూరు వెళ్ళిపోయాడట. అక్కడ ఏం పనో ఎవరికీ తెలియదు.

జూన్ 22, సోమవారం

దాదాపీర్‌ది ఆకుపచ్చ.

మూడుసార్లు చేశాను. రంగునీళ్ళు కొత్తగా కలిపి చేశాను. పక్కన నా రక్తం పెట్టి చేశాను. నాది పసుపుపచ్చ. ఆయనది ఆకుపచ్చ. శాతాలు గుర్తువేసిన రంగు డిస్కు పక్కన పెట్టి చూస్తే యాభై శాతానికీ ముప్పై ఏడున్నరకీ మధ్య ఆగింది.

డ్యూటీ అయ్యాక పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాను. తలనొప్పి ఉందా అని అడిగాను. డ్రమ్ముల కాడ తలనొప్పి లేనోడు ఎవురుండాడు అన్నాడు. కళ్ళు మసకలేస్తున్నాయా అంటే, సాయంత్రం పూట స్టేషన్ దీపాలు రెండు రెండుగా కనిపిస్తాండాయి అని ఒప్పుకున్నాడు.

"ఎల్లప్ప మాదిరి నన్నూ పంపిచ్చేస్తారు గదా?"

నేను ట్యూబులు స్టాండులో సర్దాను.

"వచ్చే నెలాఖరుకి పర్మనెంట్ చేస్తామన్యారు. అయినాక నేనే అడిగి ప్యాకింగ్‌లోకి పోతాను. ఒక్క నెలప్పా. ఒక్క నెలకి ఏమైతాది?"

ఒక నెలకి ఏమైనా కావచ్చు అన్నాను. చెప్పాను. ఆ మాట చెప్పానని ఈ డైరీ సాక్షిగా రాసుకుంటున్నాను. ఆయన వినలేదు, లేదా నేను వినేలా చెప్పలేదు. బల్ల మీద పక్కపక్కనే ఉన్న రెండు ట్యూబులూ చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు. "నీ రక్తం శానా మంచిగుండాది. దాన్నే నా పేరుతో పంపరాదా?"

ఇద్దరం నవ్వాం. ముందు ఆయన నవ్వు ఆపాడు.

జూన్ 23, ఉదయం 7

ఎవరూ రాకముందే వచ్చాను. రబ్బరు ట్యూబు పళ్ళతో బిగించుకుని ఎడమచేతి నుంచి నేనే తీసుకున్నాను. అయిదు సీసీ. లేబుల్ మీద 'దాదాపీర్, మిక్సింగ్, టెంపరరీ' అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని స్కూల్లో అందరూ అనేవాళ్ళు. ఇంత చక్కగా ఎప్పుడూ రాయలేదేమో.

ఫ్లాస్కు రైలెక్కింది. ఉలిగమ్మ గుర్తొచ్చింది. ఈసారి ఎవరి పొట్టా కొట్టలేదు అనుకున్నాను.

జూలై 4, శనివారం

రిపోర్టు వచ్చింది. దాదాపీర్, 0.79. నార్మల్. బుధవారం బుధవారం కంపెనీకి వచ్చే డాక్టర్ శంకరప్పగారి ఫైల్లోకి ఒక కాపీ, మేనేజర్‌కి ఒకటి వెళ్ళాయి.

దాదాపీర్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన అరచేతులు చెమటతో తడిగా ఉన్నాయి. రంజాన్ మొదలైంది, ఒక్కపొద్దు ఉంటున్నాడు. ఎండకి అనుకున్నాను. కాదు, ఎండకి అనుకోవాలని అనుకున్నాను.

జూలై 12, ఆదివారం

పెనుకొండలో దిగాను. ఒక్కపొద్దు విడిచే వేళకి రమ్మని మరీ మరీ చెప్పి పంపారు. దాదాపీర్ భార్య మహబూబ్‌బీని ఇదే మొదటిసారి చూడడం. వాకిట్లోనే ఎదురొచ్చి, "రా తమ్ముడూ, నీ పేరు ఈ ఇంట్లో రోజూ వింటాండా" అంది. మా ఆయనకు పర్మనెంట్ వస్తాండాదంటే నీ పుణ్యమే అని అంది. ఆయన ఆమెకి ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను పైవాళ్ళకి ఏదో మంచి మాట చెప్పానని మాత్రం ఆమె అనుకుంటోంది.

ఖర్జూరాలు, గుగ్గిళ్ళు, గంజి. దాదాపీర్ గంజి గిన్నె ఎత్తితే అంచు పళ్ళకి తగిలి టకటకమంది. మహబూబ్‌బీ కూడా చూసింది. పొద్దంతా పస్తు గదా, నీరసం అంది.

వీధి చివరి దాకా సాగనంపడానికి వచ్చాడు. అన్నా, రేపటి నుంచి డ్రమ్ము దగ్గరికి పోవద్దు, లీవు పెట్టు అన్నాను. పండగ కానీ అన్నాడు. పండగ రోజు ఇంట్లోనే ఉంటాను గదా అని నవ్వాడు.

(తర్వాత అంచున రాసింది: నేను మేనేజర్ దగ్గరికి పోయి ఉండవచ్చు. డాక్టర్‌గారికి చెప్పి ఉండవచ్చు. ఎనిమిది రోజులు ఉండింది.)

జూలై 21, మంగళవారం, ఉదయం 11.30

డాక్టర్ శంకరప్పగారి నర్సింగ్ హోమ్ వరండాలో బెంచీ మీద రాస్తున్నాను. సంచిలో డైరీ ఉంది. చేతులకి ఏదో పని కావాలి.

దాదాపీర్ పదింటికి డ్రమ్ము దగ్గర పడిపోయాడు. వాంతి, విరేచనం, నోటి వెంట చొంగ, చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట. ఇద్దరు మనుషులు ఆటోలో తెచ్చారు, వెనకాలే సైకిల్ మీద నేను వచ్చాను.

డాక్టర్‌గారు ముందు పురుగుమందే అనుకున్నారు. నాకు తెలుసు, ఆయన చేయి దానికి విరుగుడైన అట్రోపిన్ ఉండే అల్మారా వైపే పోయింది. ఇంతలో ఫైలు గుర్తొచ్చి తీశారు. జూన్ ఆఖర్లో తీసిన రక్తం, బెంగళూరు రిపోర్టు, నంబరు ఫస్ట్ క్లాస్‌గా ఉంది, నెల తిరక్కుండా ఇంతలా పడిపోదు, ఇది పురుగుమందు కాదు అన్నారు. ఊళ్ళో గ్యాస్ట్రో కేసులు నాలుగు చూశారట. పైగా ఒక్కపొద్దు. సెలైన్ పెట్టారు.

నేను గడప దగ్గర నిలబడే ఉన్నాను. దాదాపీర్ కళ్ళు చూశాను. పాపలు ఆవగింజంత ఉన్నాయి. గ్యాస్ట్రోలో అలా ఉండవు.

రాయడం ఆపి లోపలికి పోవాలి. పోతాను.

మధ్యాహ్నం 12.40

ఇంకా పోలేదు.

లోపలి నుంచి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళలో గడ్డి పుల్లతో ఊదినట్టు. చెబితే ఉద్యోగం పోతుంది, పోలీసులు వస్తారు. అమ్మకి ఏం చెప్పాలి. చెప్పకపోయినా డాక్టర్‌గారే కళ్ళు చూసి పట్టుకుంటారేమో. ఇంత పెద్ద డాక్టరు, పట్టుకోరా. ఇప్పుడు కాకపోతే ఇంకో పది నిమిషాలకి. ఇలా అనుకుంటూ పది నిమిషాలు ఎన్నిసార్లు అయ్యాయో.

సాయంత్రం 6

ఒంటిగంటకి మహబూబ్‌బీ పెనుకొండ నుంచి వచ్చింది. కాలికి ఒక చెప్పే ఉంది. మంచం మీద ఆయన్ని చూసి, అరవకుండా వెనక్కి తిరిగి నా దగ్గరికే వచ్చింది. "తమ్ముడూ, ఈ మందుల సంగతి నీకు తెల్సు గదా. ఆ డాక్టరప్ప ఏమేమో చెప్తాండాడు. నువ్వు చెప్పు, ఏమైంది మా ఆయనకి?"

ఆమెకి చెప్పలేదు. ఆమెని దాటుకుని లోపలికి పోయి డాక్టర్‌గారికి చెప్పాను. ఆ రిపోర్టు దాదాపీర్‌ది కాదు సార్, ఆ రక్తం నాది.

ఆయన వెంటనే సిస్టర్‌ని అట్రోపిన్ తెమ్మని కేక వేశారు. పది నిమిషాలకొక ఇంజెక్షన్. నేను గోడకి ఆనుకుని లెక్కపెట్టాను. పదకొండోదానికి నోరు ఆరింది, ఊపిరి చప్పుడు తగ్గింది. బెంగళూరు నుంచి ఇంకో ఇంజెక్షన్ తేవడానికి మనిషిని పంపారు.

చేతులు కడుక్కుంటూ డాక్టర్‌గారు గోడ గడియారం వైపు ఒకసారి చూశారు. తర్వాత నా వైపు చూశారు. అంతే.

జూలై 22

బతికాడు.

ఆగస్టు 9, ఆదివారం

పండగ వెళ్ళి వారం అయింది. దాదాపీర్ ఇంటికి చేరాడు. పర్మనెంట్ ఆర్డరు ఆపేశారు. పిక్కల్లో చీమలు పారినట్టుందంటున్నాడు.

ఆగస్టు 24, సోమవారం

దాదాపీర్‌కి పాదాలు లేవడం లేదు. అడుగు వేస్తే చెప్పు వెనకే ఉండిపోతుంది. కొన్ని పురుగుమందులు మూడు వారాల తర్వాత నరాలని ఇలా పట్టుకుంటాయని డాక్టర్‌గారు చెప్పారు. ఆ రోజు నేను ఆలస్యంగా చెప్పినందుకేనా అని అడిగాను. కాదు, అంతకు ముందు నుంచీ ఒంట్లో చేరుతూ వచ్చినదాని వల్ల అన్నారు. అంటే ఆ మూడు గంటలు కాదు, ఆ నెల. రెండూ నావే.

పోయిన వారం కంపెనీ నుంచి దాదాపీర్‌కి కాగితం వెళ్ళింది. దాని కాపీ ఈ రోజు ఆఫీసులో టైపిస్టు చూపించాడు. బెంగళూరు రిపోర్టు నార్మల్‌గా ఉంది కాబట్టి ఇది డ్రమ్ముల వల్ల వచ్చింది కాదు, వర్కరు తనంతట తానే పురుగుమందు మింగి ఉంటాడు అని రాశారు. నేను డాక్టర్‌గారికి చెప్పింది ఆయన కేస్ షీటులో రాశారు గానీ కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ల్యాబ్ టెక్నీషియన్, అంటే నేను, రాసి ఇస్తే అప్పుడు చూస్తామన్నారట.

పెనుకొండలో మహబూబ్‌బీ ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగిందట. మా ఆయన మందు తాగే మనిషేనా చెప్పండి అని.

ఆగస్టు 30, ఆదివారం

పెనుకొండ వెళ్ళాను. మహబూబ్‌బీ నీళ్ళకి పోయింది. దాదాపీర్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చేస్తాను అన్నాను. కాళ్ళ మీది దుప్పటి సర్దుకున్నాడు. "ఇద్దరూ కలిసి మోసం చేసినారంటారు. నాకేమీ రాదు. నువ్వూ పోతావు, నేనూ పోతాను" అన్నాడు. కోపంగా కాదు, రైల్లో సైకిల్ రిపేరు గురించి చెప్పేటప్పటి గొంతుతోనే.

అయితే నేనొక్కణ్ణే చేశానని రాస్తాను, నీకు తెలియదని రాస్తాను అన్నాను. వద్దు అనలేదు. సరే అని కూడా అనలేదు. దుప్పటి కొస వేలికి చుట్టుకుంటూ, "నేను అడిగినానని మహబూబ్‌కి తెల్దు" అన్నాడు.

ఆమె బిందె చప్పుడు వినపడింది. ఇద్దరం వానల గురించి మాట్లాడాం.

సెప్టెంబరు 3, గురువారం

మేనేజర్ గదిలో ఎంక్వయిరీ. లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చెక్ కోసం నా రక్తం కూడా తీశానని, లేబుళ్ళు తారుమారు అయ్యాయని, రెండో ట్యూబు ల్యాబ్‌లోనే పగిలితే భయపడి ఆ సంగతి దాచానని రాసి సంతకం పెట్టాను. వర్కరుకి ఏమీ తెలియదని కింద గీత గీసి మరీ రాశాను.

మొదటి అబద్ధం రాసిన రోజు దస్తూరీ చక్కగా వచ్చింది. ఈ రోజు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. ఈ రోజుదే మంచి అబద్ధం.

నన్ను తీసేశారు. దాదాపీర్ కేసు మళ్ళీ తెరుస్తారట.

సెప్టెంబరు 5, శనివారం

ట్రంకుపెట్టెతో ధర్మవరం బండి ఎక్కాను. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ ఉన్నారు, ధర్మవరంలో నరాల డాక్టరు వచ్చే రోజట. దాదాపీర్ చేతిలో కర్ర. నేను దిగి, ఆయన్ని ఎక్కించడానికి చేయి పట్టబోయాను.

మహబూబ్‌బీ మధ్యలో నిలబడింది. ఎంక్వయిరీ సంగతి విన్నట్టుంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"మా ఇంట్లో అన్నం తిన్న చేయి గదా ఇది. ఒక మనిషి పానం నీ చేతిలో పెడితే ఇంత అజాగర్తనా? కాళ్ళు పాయె గదా ఆయనకి. ముట్టుకోవద్దు."

దాదాపీర్ పట్టాల వైపు చూస్తున్నాడు. నా వైపు చూస్తే ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. చూడలేదు. ఇద్దరూ వేరే బోగీ ఎక్కారు. ధర్మవరంలో వాళ్ళు దిగి వెళ్ళిపోయేదాకా నేను లోపలే కూర్చున్నాను.

1982 ఫిబ్రవరి 8

ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేట్ ల్యాబ్‌లో చేరాను. షుగరు, యూరిన్, జాండిస్ టెస్టులు. దాదాపీర్‌కి కంపెనీ గేటు దగ్గర కుర్చీ వేసి రిజిస్టరు చేతికిచ్చారట. పర్మనెంట్.

1983 జూన్ 11, శనివారం

బజార్లో ఎవరో భుజం మీద చేయి వేశారు. ఎల్లప్ప. గుర్తుపట్టలేదు, ఒళ్ళు చేశాడు. బెంగళూరు మార్కెట్లో మామిడిపళ్ళ మండీలో పనట. చెల్లెలి పెళ్ళికి చీరలు తీసుకోవడానికి ఉలిగమ్మతో వచ్చాడు. తలనొప్పి ఉందా అని అడిగితే నవ్వాడు. యాడి తలనొప్పి, అది ఆ డ్రమ్ముల కాడనే వదిలేసొచ్చినా అన్నాడు.

ఉలిగమ్మ కొంచెం దూరంలో నిలబడింది. ఆ రోజు ఏమేమో అంటి, మనసులో పెట్టుకోవద్దు అని చెప్పింది. నేను తల ఊపాను. ఇంటికి వచ్చి ఈ డైరీ తీశాను. నేను ఎవరి గురించి నిజం రాశానో ఆ మనిషి నడుస్తున్నాడు.

1986 మార్చి 17, సోమవారం

ఈ రోజు మహబూబ్‌బీ ల్యాబ్‌కి వచ్చింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. డాక్టరు కామెర్లకి చేసే ఎస్.జి.పి.టి. టెస్టు రాశాడు. చీటీ బల్ల మీద పెట్టి, ఈ ఊర్లో ఇంకో రెండు ల్యాబులుండాయి, మా ఆయనే ఈడికే పో అన్యాడు, ఎందుకో నాకు తెల్దు అంది.

రక్తం తీశాను. చేయి మడిచి పట్టుకుని ఆమె కదల్లేదు.

"నా ముందరే పేరు రాయండి సార్."

రాశాను. ఆమెకి చదవడం రాదు. అయినా కలం ఎత్తేదాకా చూసింది.